బార్ ఉన్న శాండ్‌విచ్ కొట్టుకి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా? (న్యూ ఆర్లీన్స్)

గోదారిగట్టు
అమ్మానాన్న వచ్చే నెల మొదటిసారి అమెరికా వస్తున్నారు. న్యూ ఆర్లీన్స్‌లో నేనుండేది అప్‌టౌన్‌లో, మిసిసిపీ నదికి నాలుగు వీధులు ఇవతల. మా వీధి మూల మీద ఒక పాత చెక్క ఇల్లుంది. కింద శాండ్‌విచ్ కొట్టు, అదే గదిలో ఓ పక్కన బార్. మూడు తరాలుగా ఒకటే కుటుంబం నడుపుతోంది. ఈ ఊరొచ్చిన మొదటి వారం నుంచి, అంటే ఆరేళ్ళుగా, శనివారం మధ్యాహ్నం నా భోజనం అక్కడే. కోవిడ్ రోజుల్లో నేను జ్వరంతో పడుకుంటే కౌంటర్ దగ్గరుండే పెద్దావిడ డబ్బాలో గంబో (ఇక్కడి చిక్కటి పులుసు) పోసి మా గుమ్మం ముందు పెట్టి వెళ్ళింది. మరో మనిషి నా తలుపు దగ్గరికి వచ్చింది ఆ వారంలో అదొక్కసారే.

నిన్న పాట్‌లక్‌లో (తలో వంటకం తెచ్చుకునే విందు) "అమ్మానాన్నల్ని ముందు అక్కడికే తీసుకెళ్తా" అన్నాను. అందరూ మీద పడ్డారు. అమ్మని బార్‌కి తీసుకెళ్తావా, మర్యాదేనా, ఊళ్ళో తెలిస్తే ఏమనుకుంటారు అని. ఒకాయనైతే "రొట్టెలో రొయ్యలు పెట్టిచ్చే దానికి అంత సీనేంటి, మంచి ఇండియన్ బఫేకి తీసుకెళ్ళు" అన్నాడు. రాత్రంతా అదే ఆలోచన. ఇక్కడ ఎవరైనా పెద్దవాళ్ళని ఇలాంటి చోటికి తీసుకెళ్ళారా? అమ్మ శనివారం, కార్తీకమాసం నీచు ముట్టదు. బీఫ్ ఇద్దరూ తినరు.

పప్పుచారు
బార్ అంటే బారే తమ్ముడూ. పేరు మార్చితే మారదు.

మిడ్‌సిటీ_మాధవి
పప్పుచారు గారూ, మారుతుంది. మన దగ్గర "బార్ అండ్ రెస్టారెంట్" అంటే నల్ల అద్దాలు, లోపల చీకటి, పైన "ఏసీ ఫ్యామిలీ సెక్షన్ కలదు" అని బోర్డు. ఆ ఫ్యామిలీ సెక్షన్‌లోకి ఏ ఫ్యామిలీ వెళ్ళడం నేను చూడలేదు. అది మనసులో పెట్టుకుని ఇక్కడి దాన్ని ఊహించుకుంటే అన్యాయం. ఇక్కడి పాత పో బాయ్ కొట్లలో ఆదివారం చర్చి అయ్యాక మూడేళ్ళ పిల్లల్ని ఎత్తుకుని వస్తారు. ఒక బల్ల మీద బామ్మ రూట్ బీర్ (పేరుకే బీర్, మందు లేని కూల్ డ్రింక్) తాగుతూ ఉంటుంది, పక్క బల్ల మీద ఆమె కొడుకు మామూలు బీరు తాగుతూ ఉంటాడు. ఎవరూ ఎవర్నీ పట్టించుకోరు. చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. తిండి ప్రధానమైన చోటుకి పిల్లలతో వెళ్ళొచ్చు, మందు మాత్రమే అమ్మే బార్‌లోకి పిల్లల్ని రానివ్వరు.

నిక్షేపంగా తీసుకెళ్ళండి. అయితే బార్ వైపు స్టూళ్ళ మీద కాకుండా కిటికీ పక్క బల్ల చూసుకోండి.

హ్యూస్టన్_శీను
ఇంతకీ పో బాయ్ అంటే ఏంటి? సబ్‌వేలో దొరికే లాంటిదేనా?

మిడ్‌సిటీ_మాధవి
శీనూ, ఆ మాట ఈ ఊళ్ళో గట్టిగా అనకు 🙂

పాతకాపు
నేను చెప్తా. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నాను.

1929 జులై 1న న్యూ ఆర్లీన్స్ ట్రామ్ కార్మికులు సమ్మెకి దిగారు. కంపెనీ బయటి ఊళ్ళ నుంచి మనుషుల్ని తెచ్చి బళ్ళు నడపబోయింది. జనం కార్మికుల వైపు నిలబడ్డారు, కెనాల్ స్ట్రీట్‌లో ట్రామ్‌ని తగలబెట్టేదాకా పోయింది. అప్పుడు బెన్నీ మార్టిన్, క్లోవిస్ మార్టిన్ అని అన్నదమ్ములు ఫ్రెంచ్ మార్కెట్‌లో హోటల్ నడిపేవాళ్ళు. హోటల్ పెట్టకముందు వాళ్ళూ ట్రామ్ కండక్టర్లే. సమ్మెలో ఉన్న సంఘం సభ్యులందరికీ మా దగ్గర తిండి ఉచితం అని ఉత్తరం రాసిచ్చారు. కార్మికుడు తలుపు తోసుకుని రాగానే లోపల "ఇదుగో ఇంకో పూర్ బాయ్ వచ్చాడు" అనేవాళ్ళట. పేద అబ్బాయి. ఆ పూర్ బాయే ఇక్కడి నోళ్ళలో పో బాయ్ అయి, వాళ్ళకిచ్చిన శాండ్‌విచ్‌కి పేరైంది.

అంతమందికి పెట్టాలంటే మామూలు ఫ్రెంచ్ రొట్టె కుదర్లేదు. దాని రెండు కొసలూ సన్నం, కోస్తే ఒకడికి పెద్ద ముక్క, ఇంకొకడికి చిన్న ముక్క. అందుకని జాన్ జెండూసా అనే రొట్టెలాయన చేత 40 అంగుళాల పొడుగున, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే వెడల్పు ఉండేలా చేయించారు. ఎక్కడ కోసినా అందరికీ సమానం. ఆ రొట్టె ఆకారం వెనక ఉన్నది ఆకలి, పంపకం. అది నాకెంతో ఇష్టమైన సంగతి. ఇదంతా దస్తావేజులు తిరగేసి పోగుచేసింది యూనివర్సిటీ ఆఫ్ న్యూ ఆర్లీన్స్‌లో చరిత్ర చెప్పిన మైకేల్ మిజెల్-నెల్సన్.

హ్యూస్టన్_శీను
సబ్‌వే మాట వెనక్కి తీసుకుంటున్నా.

ట్యులేన్_పిల్ల
సమ్మె చేసేవాళ్ళకి ఉచితంగా అన్నం పెట్టిన హోటలా! మాకు ఇక్కడ రెండేళ్ళ నుంచి ఎవరూ ఈ కథ చెప్పలేదు. రోజూ సెయింట్ చార్లెస్ ట్రామ్ ఎక్కుతూ కూడా తెలీదు.

కాకినాడ_కాజా
కథ బాగుంది కానీ విషయానికి రండి. పెద్దవాళ్ళకి ఆ రొట్టె నమలడం అవుతుందా? మా అత్తగారికి బగెట్ పెడితే పళ్ళ సెట్ ఊడొచ్చింది.

మిడ్‌సిటీ_మాధవి
కాజా గారూ, ఫ్రెంచ్ బగెట్ వేరు, న్యూ ఆర్లీన్స్ రొట్టె వేరు. ఇక్కడిది పైన పల్చటి పెంకు, నొక్కితే పేలపిండిలా పొడిపొడిగా రాలుతుంది. లోపలంతా దూదే. మన ఊరి బన్నుకి గట్టి చొక్కా తొడిగినట్టుంటుంది. లైడెన్‌హైమర్ అని 1896లో ఒక జర్మనీ ఆయన పెట్టిన బేకరీ ఉంది, ఇప్పటికీ ఆ కుటుంబానిదే. ఊళ్ళో చాలా కొట్లకి రొట్టె అక్కడి నుంచే వెళ్తుంది. చేసింది జర్మన్లు, పేరు ఫ్రెంచ్ రొట్టె, పైన వేసేది ఇటాలియన్ల గ్రేవీ, రొయ్యలు పట్టేవాళ్ళలో చాలామంది వియత్నాం వాళ్ళు. ఊరంతా ఒక రొట్టెలో ఉంటుంది.

ఒకటే జాగ్రత్త. ఆ రొట్టె ఆ పూటకే. ఇంటికి పట్టుకెళ్ళి రాత్రికి తిందామంటే కుదరదు, మెత్తబడి రబ్బరులా సాగుతుంది.

గోదారిగట్టు
పాతకాపు గారూ, ఆరేళ్ళు తిన్నాను, 40 అంగుళాల సంగతి ఇవాళే తెలిసింది. నాన్నకి ఇది చెప్తే చాలు. ఆయన మిల్లు కార్మికుల సంఘంలో పనిచేశారు, తర్వాతే రొయ్యల చెరువులు.

నీరజ_మెటేరీ
శాకాహారం రోజున వెళ్తే ఒక ముఖ్యమైన మాట. మెనూలో "ఫ్రెంచ్ ఫ్రై పో బాయ్" కనిపిస్తుంది. బంగాళాదుంపే కదా అని ఆర్డర్ చేయకండి. పాత పద్ధతిలో దాని మీద రోస్ట్ బీఫ్ గ్రేవీ పోస్తారు. కరువు రోజుల్లో మాంసం కొనలేనివాళ్ళు గ్రేవీ రుచితో సరిపెట్టుకోవడానికి పుట్టిన తిండి అది. మా అమ్మకి అడక్కుండా తెప్పించాను. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాక తెలిసింది. ఆవిడ ఏమీ అనలేదు, మౌనంగా లేచి నోరు కడుక్కుంది. ఇంటికొచ్చి తలస్నానం చేసి దేవుడి దగ్గర కూర్చుంది. నాలుగేళ్ళయింది, ఇప్పటికీ గుర్తొస్తే నాకు గుండె పిండినట్టవుతుంది. తప్పు కొట్టు వాళ్ళది కాదు, నాదే. అడగాల్సింది.

"గ్రేవీ వద్దు" అని చెప్పండి. నూనె కూడా రొయ్యలు వేయించిన నూనే కావచ్చు, అది కూడా అడగండి. అడిగితే ఏమీ అనుకోరు.

పప్పుచారు
చూశారా. ఇందుకే ఇండియన్ బఫే.

కాకినాడ_కాజా
పప్పుచారు గారూ, మీరు ప్రతి చర్చలోనూ ఇండియన్ బఫే అనే అంటారు 🙂 నీరజగారూ, మనసులో పెట్టుకోకండి. అమ్మలు ఎప్పుడో మర్చిపోయి ఉంటారు.

నీరజ_మెటేరీ
ఆవిడ మర్చిపోయింది. నాకే పోవట్లేదు.

పాతకాపు
శాకాహారం మాట వచ్చింది కాబట్టి. ఇది కాథలిక్ ఊరు. ఈస్టర్ ముందు లెంట్ వస్తుంది, ఆ శుక్రవారాలు మాంసం మానేస్తారు, చేప రొయ్య ఫరవాలేదు. ఆ రోజుల్లో పో బాయ్ కొట్ల ముందు క్యూ వీధిలోకి వస్తుంది. అమ్మగారికి కార్తీకమాసం, శనివారం అని చెప్పి చూడండి. కౌంటర్ దగ్గరి ముసలావిడకి మన యువతరం కంటే బాగా అర్థమవుతుంది.

డల్లాస్_రవి
ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతా. ఈ పాత కొట్ల మీద మనకి ఇంత మమకారం ఎందుకు? మా ఆఫీసు దగ్గర ఇలాంటిదే ఒకటుంది, యాభై ఏళ్ళ నాటిది. బల్లలు జిడ్డు, బాత్రూమ్ గడియ పడదు, ఆర్డర్ ఇచ్చి నలభై నిమిషాలు. పాతది, కుటుంబానిది అనగానే అన్నీ క్షమించేస్తారు. అదే చైన్ హోటల్ అయితే ఒక్క నక్షత్రం ఇచ్చి తిట్టిపోసేవాళ్ళు.

మిడ్‌సిటీ_మాధవి
రవి గారి మాటలో సగం నిజం. జిడ్డు బల్లని నేను కూడా క్షమించను. కానీ ఆలస్యం వేరు. రొయ్యలు ఆర్డర్ వచ్చాకే పిండిలో పొర్లించి నూనెలో వేస్తారు. ముందే వేయించి లైటు కింద పెడితే నాలుగు నిమిషాల్లో ఇవ్వొచ్చు, కానీ అది తోలులా ఉంటుంది. డొమిలీసెస్ అని అప్‌టౌన్‌లో పాత పో బాయ్ కొట్టుంది, అక్కడ తలుపు దగ్గర నంబరు చీటీ తీసుకుని నిలబడాలి. ఆ ఎదురుచూపు కోసమే పక్కన బార్ పెట్టారేమో అని నాకనిపిస్తుంది. చల్లటిదేదో చేతిలో పట్టుకుని పక్కవాళ్ళతో మాట్లాడుతుంటే టైమ్ తెలీదు.

హ్యూస్టన్_శీను
గోదారిగట్టు అన్నా, నీ కొట్టు డొమిలీసెసేనా? అనన్సియేషన్ స్ట్రీట్ మూల?

గోదారిగట్టు
కాదు. దాని వరసదే, ఇంకా చిన్నది. పేరు రాయను, వాళ్ళ అనుమతి లేకుండా వాళ్ళింటి విషయాలు రాస్తున్నాను కదా.

పాతకాపు
డొమిలీసెస్ గురించి తెలియనివాళ్ళకి. నూరేళ్ళు దాటిన కొట్టు, ఒకటే కుటుంబం. మొదట్లో చుట్టుపక్కల పనివాళ్ళు వచ్చి తాగే చోటు, శాండ్‌విచ్‌లు తర్వాత. మిస్ డాట్ అని అందరూ పిలిచే డాట్ డొమిలీస్ ఆ ఇంటికి కోడలిగా వచ్చి, 2013లో పోయేదాకా ఆ కొట్టుకి ముఖం ఆమే. దశాబ్దాల తరబడి అదే కౌంటర్ వెనక. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు "డ్రెస్డ్?" అని అడిగారు. నా బట్టల గురించేమో అనుకుని చొక్కా చూసుకున్నాను. లెట్యూస్, టమాటా, పికిల్, మయొనైజ్ అన్నీ వేయాలా అని దానర్థం. "అన్నీ వేయండి" అని మనం పానీపూరీ బండి దగ్గర అనమూ, అలాగే.

రవి గారి ప్రశ్నకి నా జవాబు. కత్రినా తుఫాను 2005 ఆగస్టు 29న వచ్చింది. కట్టలు తెగి ఊళ్ళో 80 శాతం నీళ్ళ కింద పోయింది. నది ఒడ్డు ఎత్తుగా ఉంటుంది కాబట్టి అప్‌టౌన్‌లో ఆ అంచు మునగలేదు. మాకు మిడ్‌సిటీలో ఇంట్లో నడుం లోతు నీళ్ళు. ఊరు ఖాళీ. రాత్రి లైటు లేదు, కుక్క అరుపు లేదు. పార్క్‌వే బేకరీ అనే పో బాయ్ కొట్టు మా దగ్గరే, అదీ మునిగింది. ఆ డిసెంబరులో వాళ్ళు మళ్ళీ తెరిచారు. చుట్టూ ఇళ్ళ ముందు పాడైన ఫ్రిజ్‌లు వరసగా పడున్నాయి, గోడల మీద నీటి గీత ఇంకా ఉంది, వాళ్ళ వాకిట్లో మాత్రం లైట్లు, జనం. నేనూ మా ఆవిడా ప్లాస్టిక్ కవర్ పరుచుకుని మెట్ల మీద కూర్చుని తిన్నాం. పక్కన కూర్చున్న పెద్దమనిషి తింటూ ఏడ్చాడు. ఎవరో ఏమిటో తెలీదు. మా ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

వెనక్కి రావాలా, హ్యూస్టన్‌లోనే ఉండిపోవాలా అని అప్పటిదాకా తేల్చుకోలేదు మేం. ఆ రాత్రి తేల్చుకున్నాం. నాకు మమకారం అందుకు రవి గారూ. బాత్రూమ్ గడియ సంగతి నాకూ తెలుసు.

ట్యులేన్_పిల్ల
😢

డల్లాస్_రవి
పాతకాపు గారూ, నా దగ్గర జవాబు లేదు. మీరన్నది మనసులో పెట్టుకుంటాను.

కాకినాడ_కాజా
పార్క్‌వే అంటే ఒబామా వెళ్ళిందేనా?

మిడ్‌సిటీ_మాధవి
అదే. 2010లో, కత్రినాకి ఐదేళ్ళయిన రోజున కుటుంబంతో వచ్చాడు. కానీ "ఒకే కుటుంబం" లెక్కలోకి అది రాదు. 1911లో బేకరీగా మొదలైంది, 1922లో ఒకసారి చేతులు మారింది, 1993లో మూతపడింది. పక్కింట్లో ఉండే కాంట్రాక్టర్ జే నిక్స్ 1995లో ఆ కట్టడం కొన్నాడు, 2003లో మళ్ళీ తెరిచాడు. అందుకే నాకు "కుటుంబం" అనే మాట కంటే "పక్కింటివాడు" అనే మాట ముఖ్యం. ఎవరి రక్తం అన్నది కాదు, ఎవరు అక్కడ ఉంటున్నారన్నది.

తెనాలి_వాసు
మాధవి గారితో ఇక్కడ నాకు పేచీ ఉంది. రక్తం ముఖ్యమే, ఎందుకో చెప్తాను.

మా తాతగారు తెనాలిలో భోజన హోటల్ పెట్టారు. నలభై ఒక్క ఏళ్ళు నడిచింది. అరిటాకు, పప్పు, వేపుడు, చారు, గడ్డ పెరుగు. అలాంటి హోటల్ లాభం మీద నడవదు, ఇంట్లోవాళ్ళ ఒళ్ళు మీద నడుస్తుంది. నాయనమ్మ తెల్లారగట్ల నాలుగింటికి పొయ్యి ముందు కూర్చునేది. ఆమెకి జీతం లేదు. మా పెద్దనాన్న గల్లా, మా నాన్న కాలేజీ నుంచి రాగానే వడ్డన. వాళ్ళందరికీ జీతాలు లెక్కేస్తే మొదటి ఏడాదే మూసేయాలి. రెండోది, కట్టడం మాదే, అద్దె లేదు. ఈ రెండూ ఉన్నన్నాళ్ళు నడిచింది. మేం అందరం ఇంజనీర్లం అయ్యాం, నాయనమ్మ మోకాళ్ళు పోయాయి. బయటి వంటమనిషిని పెట్టారు. రెండేళ్ళు తిరక్కుండా మూతపడింది. ఇప్పుడక్కడ సెల్ ఫోన్ల కొట్టు.

మూసిన రోజు నాకు క్యాంపస్ ఇంటర్వ్యూ. వెళ్ళలేదు. ఆఖరి భోజనం ఎవరు తిన్నారో, నాయనమ్మ పొయ్యి ఎలా ఆర్పిందో నేను చూడలేదు. గోదారిగట్టు గారి కొట్టులో మూడో తరం ఇంకా కౌంటర్ వెనక నిలబడిందంటే, ఆ పిల్లలు ఏదో వదులుకుని నిలబడ్డారని అర్థం. అది మామూలు విషయం కాదు. తీసుకెళ్ళండి. అమ్మానాన్నల చేత ఆ పెద్దావిడకి నమస్కారం పెట్టించండి.

మిడ్‌సిటీ_మాధవి
వాసు గారూ, నా మాట వెనక్కి తీసుకోను గానీ మీ మాట ముందు తగ్గుతున్నాను. జీతం లేని నాయనమ్మ గురించి నేను ఆలోచించలేదు.

నీరజ_మెటేరీ
జీతం లేని నాయనమ్మలకి జీతం రావాలని కూడా అనుకోవాలి కదా మనం. కొట్టు నిలబడటం కోసం ఆడవాళ్ళ మోకాళ్ళు అరిగితే దాన్ని పండగ చేయలేను నేను.

తెనాలి_వాసు
ఒప్పుకుంటాను. నాయనమ్మ కూడా అదే అనేది. "నా కోడళ్ళు ఈ పొయ్యి ముందు కూర్చోకూడదు" అని. తన మాటే నెగ్గింది.

భీమవరం_బుల్లోడు
అసలు పాయింటు వదిలేశారు. ఆ రొయ్యలు ఎక్కడివి? అమెరికాకి బయటి నుంచి వచ్చే రొయ్యల్లో అన్నిటికంటే ఎక్కువ ఇండియావి. ఇండియాలో చెరువు రొయ్యలు అత్యధికం మన ఆంధ్రవి. గోదారిగట్టు నాన్నగారి చెరువులో రొయ్య సముద్రం దాటి ఆ రొట్టెలో కూర్చుందేమో 🙂

గోదారిగట్టు
బుల్లోడూ, మా నాన్నకి పాలకొల్లు దగ్గర ఆరెకరాల చెరువులున్నాయి. 2010 తర్వాత వనామీ రకం రొయ్య వేశారు. ఈ ప్రశ్న ఆయన అడుగుతారని నాకు ఇప్పటికే టెన్షన్.

పాతకాపు
జాగ్రత్తగా మాట్లాడాల్సిన చోటు ఇది. ఇక్కడ గల్ఫ్‌లో, అంటే మెక్సికో సింధుశాఖలో, పడవల మీద రొయ్యలు పట్టేవాళ్ళ బతుకు దిగుమతి రొయ్యల ధర దెబ్బకి నలిగిపోయింది. డీజిల్ ఖర్చు కూడా రావట్లేదని పడవలు అమ్ముకుంటున్నారు. లూయిసియానాలో 2019లోనే చట్టం తెచ్చారు, దిగుమతి రొయ్యలు, క్రాఫిష్ వాడే హోటళ్ళు ఆ సంగతి జనానికి రాసి చూపించాలి. గోడ మీదో మెనూ మీదో చూడండి.

భీమవరం_బుల్లోడు
మరి మన రైతు సంగతి? 2025లో అమెరికా ఇండియా సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు ఇక్కడ చెరువు గట్టు మీద కొనేవాడు లేడు. మేత రేటు తగ్గదు, చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ల కరెంటు బిల్లు తగ్గదు, కౌంట్ రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధర) మాత్రం పడిపోయింది. మా బాబాయి ఒక పంట మొత్తం నష్టానికి పట్టేశాడు. అక్కడి పడవవాడి కష్టం కష్టమే, మా బాబాయిది కూడా కష్టమే.

పాతకాపు
కాదనను బుల్లోడూ. ఇద్దరికీ రేటు పెట్టేది మధ్యలో ఇంకెవరో.

ట్యులేన్_పిల్ల
రెండింటికీ రుచిలో తేడా తెలుస్తుందా?

భీమవరం_బుల్లోడు
చూస్తేనే తెలుస్తుంది. చెరువు రొయ్య అంతా ఒకటే సైజు, ఒకే రోజు సీడ్ వేసి ఒకే రోజు పడతాం కాబట్టి. సముద్రం రొయ్య చిన్నా పెద్దా కలిసి ఉంటుంది. కరకరలాడే పిండి కింద ఎవడికి తెలుస్తుంది అంటే, రైతుకి తెలుస్తుంది.

*(ఐదు వారాల తర్వాత)*

గోదారిగట్టు
తీసుకెళ్ళాను. అందరికీ చెప్పాలని వచ్చాను.

ముందు చెప్పేశాను అమ్మకి, "లోపల బార్ ఉంది, మందు సీసాలు కనిపిస్తాయి, అయినా నాకు అది ఇల్లులాంటి చోటు" అని. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "జ్వరమప్పుడు ఏదో పంపించిందన్నావు, ఆవిడదేనా?" అంది. అవునన్నాను. లేచి పెట్టె తెరిచి మా పిన్ని కట్టిచ్చిన పూతరేకుల డబ్బా తీసింది. ఊరి నుంచి నాకోసం తెచ్చినవి. చీర మార్చుకుంది.

శుక్రవారం వెళ్ళాం. తలుపు తీయగానే నూనె వాసన, బీరు వాసన, రొట్టె వాసన. అమ్మ కొంగు సర్దుకుంది. "ఇక్కడ అమ్మేదాని పేరేంటి" అంటే పో బాయ్ అన్నాను. "తినడానికి పిలిచి పో అంటారేమిట్రా" అంది. నాన్న ఎంతలా నవ్వారంటే బార్ దగ్గర కూర్చున్న ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళు రోజూ వచ్చే రిటైరైన పోస్టుమన్లు, నాకు తెలుసు. ఒకాయన లేచి తన స్టూలు నాన్నకిచ్చాడు. కిటికీ పక్క బల్ల అనుకున్నాం కదా మాధవి గారూ, నాన్న వెళ్ళి బార్ దగ్గరే కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ తాగలేదు, రూట్ బీర్ తెప్పించుకున్నారు. దగ్గు మందులా ఉందన్నారు, అయినా మొత్తం తాగారు.

పెద్దావిడ వచ్చింది. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. అమ్మ పూతరేకుల డబ్బా చేతిలో పెట్టి నమస్కారం పెట్టింది. వాసు గారూ, నేను చెప్పలేదు, తనే పెట్టింది. ఆవిడ డబ్బా తెరిచి ఒకటి తీసి, కాగితమేమో అని విప్పబోయింది. అమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుని, మరొకటి తీసి తను కొరికి చూపించింది. తర్వాత ఇద్దరూ అరచేతుల మీద రాలిన చక్కెర పొడి దులుపుకుంటూ నిలబడ్డారు. ఆవిడ మనవరాలు, అంటే ఇప్పుడు కొట్టు చూసుకునే అమ్మాయి, వంటగదిలోంచి వచ్చి ఇంకో రెండు తీసుకెళ్ళింది.

నాన్నకి రొయ్యల పో బాయ్, అన్నీ వేయించి. పాతకాపు గారి 40 అంగుళాల కథ చెప్పాను. రొట్టెని రెండు చేతులా పట్టుకుని ఈ కొస ఆ కొస చూసి, "సమానంగానే ఉందిరా" అన్నారు. ఒక రొయ్య పక్కకి తీసి పిండి ఒలిచారు. నా గుండె ఆగినంత పనైంది. వేలి మీద పెట్టి చూసి, "ఇది సముద్రంది. మనది కాదు" అన్నారు. గోడ మీద కూడా గల్ఫ్ రొయ్య అనే రాసుంది. నేనా రాత చదివి చెప్పకముందే చెప్పారాయన. బాధపడతారేమో అనుకున్నాను. "వీళ్ళ ఊళ్ళో వీళ్ళ రొయ్య తింటున్నారు, బాగానే ఉంది. మన ఊళ్ళోనే మనం తినం, పట్టిందంతా లారీ ఎక్కించేస్తాం" అన్నారు. బుల్లోడూ, ఈ మాట నీకు చెప్పమన్నారు. పక్కనున్న పోస్టుమన్‌కి కౌంట్ అంటే ఏంటో వివరించమని నన్ను అనువాదానికి కూర్చోబెట్టారు. మన దగ్గర కిలోకి ఎన్ని అని, ఇక్కడ పౌనుకి ఎన్ని అని. ఆ లెక్క తేలేసరికి గంటన్నర పట్టింది.

పాట్‌లక్‌లో నన్ను అన్నవాళ్ళ మీద కోపం లేదు. కానీ వాళ్ళ మాట విని వెళ్ళకపోయి ఉంటే జీవితాంతం బాధపడేవాణ్ణి.

భీమవరం_బుల్లోడు
నాన్నగారి మాట నిజం. ఈ ఆదివారం మా చెరువులోది ఓ రెండు కిలోలు ఇంట్లో వండిస్తా.

తెనాలి_వాసు
మూడుసార్లు చదివాను. అమ్మగారికి నా నమస్కారం.

పాతకాపు
పూతరేకు విప్పబోయిన సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను. మేం కూడా ఒక డబ్బా తెప్పించి మా కొట్టుకి పట్టుకెళ్తాం.

పప్పుచారు
నేనన్నది తప్పే. మా నాన్నగారు మార్చిలో వస్తున్నారు, బేటన్ రూజ్‌లో ఉంటాం. గంటన్నర దారి. గోదారిగట్టు తమ్ముడూ, ఆ కొట్టు చిరునామా ప్రైవేటుగా పంపుతావా? ఆయన పూర్తి శాకాహారి, ఉల్లి తింటారు.

గోదారిగట్టు
పంపాను అన్నా. ఆదివారం సెలవు, పన్నెండు లోపు వెళ్ళండి. మార్చిలో శుక్రవారాలు లెంట్ క్యూ ఉంటుంది, బుధవారం మేలు.

నీరజ_మెటేరీ
ఫ్రెంచ్ ఫ్రై పో బాయ్ అడగండి. గ్రేవీ వద్దని రెండుసార్లు చెప్పండి.

పప్పుచారు
మూడుసార్లు చెప్తానమ్మా.